అనకాపల్లి బెల్లం మార్కెట్ - ఊరిని పోషించే అంగడి

మార్కెట్ అంటే సరుకులు అమ్మే, కొనే చోటు అని సాంఘిక శాస్త్రంలో చదువుకున్నాం. ఒక మార్కెట్ పట్టణాన్నే ఎలా పోషిస్తుందో తెలుసుకోవాలంటే మన చోడవరానికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని అనకాపల్లిని చూస్తే చాలు. అక్కడి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి.

అక్కడే ఎందుకు పెరిగింది?

శారదా నది నీటితో చుట్టుపక్కల చెరకు పండుతుంది. మద్రాసు - కలకత్తా రైలు మార్గం ఊరి మీదుగా పోతుంది కాబట్టి బెల్లం ఒడిశా, బెంగాల్ దాకా వెళ్లగలిగింది. 1913లో వ్యవసాయ పరిశోధన కేంద్రం కూడా అక్కడే వెలిసింది. పంట, దారి, పరిశోధన మూడూ ఒకచోట కలిశాయి.

ఎలా నడుస్తుంది?

రైతు గానుగలో చెరకు ఆడి, రసాన్ని పెనంలో కాచి, దిమ్మలు కట్టి మార్కెట్‌కు తెస్తాడు. వ్యాపారులు రంగు, గట్టిదనం చూసి రకాలుగా విడదీసి పాట పాడతారు. తర్వాత తూకం, పట్టీ. రైతు, వ్యాపారి, కొలగారు, కళాసీ, లారీ డ్రైవరు, టీకొట్టువాడు అందరికీ ఆ బెల్లమే అన్నం పెడుతుంది.

మనం గమనించవలసినది

మాలో చాలామంది తల్లిదండ్రులు చెరకు నరికేవారు, బెల్లం వండేవారు. అందుకే ఈ లెక్క వేసి చూశాం. దిమ్మ 15 కిలోలు అనుకుంటే 100 దిమ్మలు 1500 కిలోలు. కిలోకు ఒక్క రూపాయి తగ్గితే 1500 రూపాయలు పోయినట్టే! తూకం, పట్టీ చదవడం రానివారికి ఆ నష్టం తెలియను కూడా తెలియదు.

ఇంకొక సంగతి. మెరిసే బెల్లానికి ధర ఎక్కువని కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. ముదురు రంగు బెల్లం చెడ్డదని అనుకోరాదు. కొనేవారు రంగుకు మోసపోతే, మంచి బెల్లం వండిన రైతు నష్టపోతాడు.

హైదరాబాదులో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను బాగుచేసి 2020లో మళ్లీ తెరిచారు. రాతి కట్టడాన్ని కాపాడుకోవడం మంచిదే. అయితే మన మార్కెట్‌కు ప్రాణం గోడలు కాదు, చెరకు వేసే రైతు. గిట్టుబాటు ధర లేక అతడు చెరకు మానేస్తే మార్కెట్ ఖాళీ అవుతుంది.

కాబట్టి మిత్రులారా! ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్న తెచ్చిన పట్టీని ఒకసారి చదివి, లెక్క సరిచూద్దాం. మన చదువుకు అదే మొదటి ఉపయోగం.