మూడ్ మీది, బొమ్మ క్లయింటుది

స్వీట్ షాపు వాళ్లు సంక్రాంతి పోస్టర్ అడిగారు. మీరు గాలిపటాలు వేశారు, ముగ్గు వేశారు, అరిసెల పళ్లెం పెట్టారు, వాళ్లు చెప్పిన పసుపూ ఎరుపూ వాడారు. చూసి వాళ్లన్నది ఒకే మాట: "అన్నీ ఉన్నాయండీ, కానీ ఏదో డల్‌గా ఉంది." ఏది డల్‌గా ఉందో వాళ్లు చెప్పలేరు, మీకేమో కనబడదు. వారం రోజులుగా ఇంటి అద్దె గురించో, కుదరని పెళ్లి సంబంధం గురించో మనసులో నలుగుతున్నది కాస్తా ఆ పసుపులోకి దిగింది. పేరుకు పసుపే, కానీ బూడిద కలిసిన పసుపు.

పోస్టర్లు, పుస్తకాల ముఖచిత్రాలు, గేమ్ బ్యాక్‌గ్రౌండ్లు, సినిమా కాన్సెప్టులు గీసి బతికేవాళ్లందరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే. మంచి మూడ్ వచ్చాక గీద్దామంటే డెడ్‌లైన్ ఆగదు. ప్రొఫెషనల్‌ని, నాకు మూడ్‌తో పనేంటి అనుకుంటే బొమ్మ ఊరుకోదు. మనసు మార్చుకోమని, పాజిటివ్‌గా ఉండమని చెప్పే సలహాల మీద నాకు నమ్మకం లేదు. మూడ్ బొమ్మలోకి దూరే దారులు మాత్రం కొన్నే ఉన్నాయి. అవి తెలిస్తే కాపలా పెట్టుకోవచ్చు.

మొదటి దారి చెయ్యి. ఇప్పుడొచ్చే మంచి పెన్ ట్యాబ్లెట్లు చేతి ఒత్తిడిని వేల స్థాయిల్లో కొలుస్తాయి. మీరు పళ్లు కొరుక్కుంటూ గీసినా, పరధ్యానంగా గీసినా అది పట్టేస్తుంది. కోపంగా ఉన్న రోజు గీతలన్నీ ఒకే లావు. సన్నగా మొదలై, మధ్యలో ఒళ్లు చేసి, చివర మళ్లీ సన్నబడాల్సిన గీత మొద్దుగా మొదలై మొద్దుగానే తెగిపోతుంది. దిగులుగా ఉన్న రోజు ఒక్క గీత గీయాల్సిన చోట వెంట్రుకల్లాంటి చిన్న చిన్న గీతలు పది పడతాయి. స్టెబిలైజర్ పెంచితే వణుకు పోతుంది గానీ తటపటాయింపు పోదు. అలాంటప్పుడు ప్రెషర్ కర్వ్‌ని కెలకొద్దు, రేపు చెయ్యి మామూలయ్యాక అదే అడ్డొస్తుంది. క్లయింట్ ఫైల్ తెరిచేముందు ఖాళీ కాన్వాస్ మీద సున్నాలు, పొడుగు గీతలు, మెలికల ముగ్గులు ఓ పది నిమిషాలు గీయండి. ఇవాళ్టి చెయ్యి ఎలా ఉందో అక్కడే తెలిసిపోతుంది. అప్పటికీ దారికి రాకపోతే ఆ పూటకి లైన్ ఆర్ట్ వద్దు, ఫ్లాట్ కలర్లు నింపుకోండి.

రెండో దారి రంగులు, వాటి సంగతి ఇంత తేలిగ్గా తేలదు. ఆర్టిస్ట్ దుఃఖం అనగానే పికాసో నీలం బొమ్మల గురించి చెబుతారు. 1901 ఫిబ్రవరిలో ఆయన మిత్రుడు కార్లెస్ కాసగేమాస్ ప్యారిస్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత 1904 దాకా పికాసో కాన్వాసుల మీద ఎక్కువగా నీలమే. కథ నిజమే, కానీ మన పనికి అంతగా పనికిరాదు. ఆయన తన బొమ్మలు తాను వేసుకున్నాడు, మనం ఇంకొకరి సరుకు అమ్మడానికి వేస్తాం. పైగా మన దగ్గర మూడ్ రంగు పేరు మార్చదు, రంగులో పదును తగ్గిస్తుంది. కలర్ పికర్‌లో హ్యూ చెప్పినచోటే ఉంటుంది, శాచురేషన్ కొద్దికొద్దిగా కిందికి జారుతుంది. వెలుగుకీ నీడకీ మధ్య తేడా కూడా తగ్గిపోతుంది. ఉత్సాహం పొంగిపోతున్న రోజు తిరగబడుతుంది: ప్రతి మూలా మెరుస్తుంది, కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు.

అయితే మూడ్ మీదకి నెట్టే తప్పుల్లో చాలా భాగం గదిదీ, స్క్రీన్‌దీ. లైట్లన్నీ ఆర్పేసి రాత్రి రెండింటికి గీస్తే, చీకట్లో స్క్రీన్ వెలిగిపోతూ కనబడుతుంది కాబట్టి బొమ్మని తెలియకుండానే చీకటి చేస్తారు. అదే ఫ్లెక్సీ మీదకి వచ్చేసరికి నల్లగా ముద్దయిపోతుంది. ఐప్యాడ్‌లో నైట్ షిఫ్ట్ ఆన్‌లో ఉంటే తెర పసుపెక్కుతుంది, మీరు దాన్ని సరిచేయబోయి నీలం కలుపుతారు, పొద్దున్న ఆఫీసు మానిటర్‌లో మొహాలన్నీ చలికి వణుకుతున్నట్టు ఉంటాయి. నైట్ షిఫ్ట్, ట్రూ టోన్, ఆటో బ్రైట్‌నెస్ పని పూర్తయ్యేదాకా ఆపేయండి. గదిలో ఒక లైటు వెలగనివ్వండి. రంగుల పాలెట్ తేటగా ఉన్న పూట ఎంచుకుని సేవ్ చేసుకోండి. రాత్రి పూట దానిలోంచి తీసి వాడటమే తప్ప కొత్త రంగు కలపడం వద్దు. మధ్యమధ్యలో పైన ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ వేసి చూస్తే వెలుగునీడలు చచ్చిపోయాయో బతికున్నాయో తెలుస్తుంది. ప్రింటుకి వెళ్లే పనైతే సీఎంవైకే ప్రివ్యూ కూడా చూడండి. కొన్ని రంగులు అక్కడ డల్ అవుతాయి, దానికి మీ మనసు బాధ్యత లేదు.

మూడో దారి జూమ్. ఆందోళనలో ఉన్నవాడు జూమ్ చేస్తాడు. కంపోజిషన్ తేలకపోయినా కనురెప్పల వెంట్రుకలు నాలుగొందల శాతం జూమ్‌లో దిద్దుతూ కూచుంటాడు. మొత్తం బొమ్మ ఎప్పుడూ కనబడేలా పక్కన రెండో విండో తెరిచి పెట్టుకుంటే సరిపోతుంది.

నాలుగో దారి అండూ, ఇది కాగితం మీద లేని రోగం. ప్రోక్రియేట్‌లో 250 అడుగులు వెనక్కి వెళ్లొచ్చు. చిరాగ్గా ఉన్న రోజు ఒక్క దవడ గీత గీసి, తుడిచి, గీసి, తుడిచి, చివరికి విసుగొచ్చి ఏదో ఒకటి ఉంచేస్తాం. మొదటిదే బాగుందని అనిపించేసరికి అది పోయి ఉంటుంది. కాగితమైతే రబ్బరు మరకలన్నా మిగిలేవి, ఇక్కడ మన చిరాకు ఆనవాలే ఉండదు. అందుకని కుదరని చోట అండూ మానేసి, కొత్త లేయర్ మీద మళ్లీ గీయండి. నాలుగైదు అయ్యాక లేచి టీ తాగి వచ్చి అప్పుడు ఎంచుకోండి. ఇంకో ఉపాయం ఉంది. ప్రోక్రియేట్ మీరు గీస్తున్నదంతా టైమ్ ల్యాప్స్‌గా తనంతట తానే రికార్డు చేస్తుంది. చాలామంది దాన్ని ఇన్‌స్టాగ్రామ్ రీల్‌కే వాడతారు. శనివారం తీరిగ్గా మీ వారం పని అందులో చూడండి. ఎక్కడ ధారగా సాగిందో, ఎక్కడ ఒకే ముక్కు చుట్టూ గిరగిరా తిరిగారో తెలుస్తుంది. డైరీ రాసే అలవాటు లేనివాళ్లకి ఇంతకన్నా నిజాయితీ గల డైరీ దొరకదు.

ఇక ఏ మూడ్‌లో ఏ పని పెట్టుకోవాలన్నది. 1987లో అమెరికాలో ఆలిస్ ఐసెన్, ఆమె తోటి పరిశోధకులు విద్యార్థులకి ఒక కొవ్వొత్తి, అగ్గిపెట్టె, డబ్బా నిండా పిన్నులు ఇచ్చి, మైనం కింద కారకుండా కొవ్వొత్తిని గోడకి నిలబెట్టమన్నారు. డబ్బా ఖాళీ చేసి దాన్నే స్టాండుగా వాడాలన్నది కిటుకు. ముందుగా కాసేపు కామెడీ సినిమా చూసినవాళ్లకి అది ఎక్కువగా తట్టింది. 2009లో ప్రచురితమైన మరో అధ్యయనంలో జోసెఫ్ ఫోర్గాస్ బృందం సిడ్నీలో ఒక షాపు కౌంటర్ దగ్గర చిన్న చిన్న ఆటబొమ్మలు పెట్టి, బయటికొచ్చినవాళ్లని ఏమేం చూశారని అడిగింది. ఎండ కాసిన రోజుల కన్నా ముసురు పట్టి మనసూ మబ్బుగా ఉన్న రోజుల్లో వచ్చినవాళ్లు ఎక్కువ వస్తువులు గుర్తుపెట్టుకున్నారు.

దీన్ని మన బల్ల దగ్గరికి తెచ్చుకుంటే, హుషారుగా ఉన్న పూట థంబ్‌నెయిళ్లు, కంపోజిషన్లు, రంగుల ప్రయోగాలు, క్లయింట్‌తో మాటలు. మబ్బుగా ఉన్న పూట రోటో, మాస్కింగ్, క్లీనప్, లేయర్లకి పేర్లు, బ్లీడ్ సరిచూడటం. ముఖ్యంగా తెలుగు అక్షరాలు. అను ఫాంట్లలో వచ్చిన మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు ఎక్కడో పడతాయి. హుషారు మీద ఉన్నవాడికి అవి కనబడవు. ముప్ఫై అడుగుల ఫ్లెక్సీ మీద ఊరందరికీ కనబడతాయి.

పెద్ద స్టూడియోలు ఈ గొడవని ఎప్పుడో గుర్తించాయి. పిక్సార్‌లో టాయ్ స్టోరీకి, అంటే 1995 నాటి సినిమాకి, ఆర్ట్ డైరెక్టర్ రాల్ఫ్ ఎగిల్‌స్టన్ కథంతా వరసగా చిన్న చిన్న రంగుల బొమ్మలు వేసి కలర్ స్క్రిప్ట్ తయారుచేశారు. ఏ సన్నివేశానికి ఏ భావం, ఏ వెలుగు అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత ఎంతమంది ఆర్టిస్టులు ఏ మనసుతో ఆఫీసుకొచ్చినా సినిమా మూడ్ మారదు. హైదరాబాద్‌లో పుట్టిన ఛోటా భీమ్ లాంటి సీరియల్‌కైనా మోడల్ షీట్ అవసరం అందుకే, గీసేవాడికి జ్వరమొచ్చినా భీముడి నవ్వు అలాగే ఉండాలి. ఒక్కరే పనిచేసేవాళ్లూ ఇది చేసుకోవచ్చు. బ్రీఫ్ అందిన రోజే బొమ్మ చూసేవాళ్లకి ఏం అనిపించాలో మూడు మాటల్లో రాసి, పక్కన చిన్న రంగుల పట్టీ వేసి, క్లయింట్‌తో ఓకే అనిపించుకోండి. ఆ తర్వాత "డల్‌గా ఉంది" అన్న మాట వస్తే, ఆ పట్టీతో పోల్చి ఏం మారిందో ఇద్దరూ చూడొచ్చు.

స్టూడియోలో పనిచేస్తుంటే మీ లీడ్‌తో "ఇవాళ మూడ్ లేదు సార్" అనకండి. ఆయనకి దాంతో చేయగలిగింది ఏమీ లేదు. "క్లీనప్ సాయంత్రానికి ఇచ్చేస్తాను సార్, కలర్ రేపు పదకొండింటికి" అంటే షెడ్యూల్ సర్దుకోగలడు. అర్ధరాత్రి పూర్తయిన ఫైల్ వీలైనంతవరకూ పొద్దున్నే ఒకసారి చూసి పంపండి. రివిజన్ మెయిల్ చదివి ఒళ్లు మండితే, ముందు ఫైల్‌ని కొత్త వెర్షన్ నంబరుతో సేవ్ చేయండి. మండుతున్న ఒంటితో పాత లేయర్లు డిలీట్ చేసి తర్వాత తలపట్టుకునేవాళ్లు తక్కువేం కాదు.

ఇదంతా వచ్చిపోయే మూడ్‌ల గురించి. రెండు వారాలు దాటినా పెన్ను పట్టుకోబుద్ధి కాకపోతే, నిద్రా తిండీ కూడా దెబ్బతింటే అది టైమ్‌టేబుల్‌తో తీరేది కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌కి 14416లో ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి వెళ్లడమైనా డెడ్‌లైన్ అయ్యాక అని వాయిదా వేయొద్దు.

మరి మనసులో ఉన్నది ఎక్కడ గీయాలి? సొంత ఫోల్డర్‌లో. బీపుల్ పేరుతో తెలిసిన డిజిటల్ ఆర్టిస్ట్ మైక్ వింకెల్‌మన్ 2007 మే 1 నుంచి రోజుకొక బొమ్మ వేస్తూ వచ్చారు. వాటిలో అందంగా లేనివి, చూడటానికే వెగటు పుట్టించేవి బోలెడు. మొదటి 5000 రోజుల బొమ్మలు కలిపి చేసిన కృతి 2021లో క్రిస్టీస్ వేలంలో 6.93 కోట్ల డాలర్లకు పోయింది. ఆ ధర మాట వదిలేయండి, మనకి కావలసింది ఆ అలవాటు. మీ సొంత ఫోల్డర్‌లోవి పోర్ట్‌ఫోలియోలోకి తెచ్చేటప్పుడు మాత్రం ఒక లెక్క ఉండాలి. ఎంపిక చేసే లీడ్ మీ నైపుణ్యంతో పాటు మీరు ఎన్ని రకాల భావాలు గీయగలరో కూడా చూస్తాడు. వానలో తడుస్తున్న నియాన్ సందుల బొమ్మలే ఆరు ఉంటే నాలుగు తీసేసి, వాటి చోట ఎండపూట రైతు బజారు ఒకటి, పెళ్లి పందిరి ఒకటి గీసి పెట్టండి.