కెమెరా ఎంత ఎత్తున ఉండాలి?

సినిమా అనగానే మనకు హీరో, పాటలు, మొదటి ఆట టిక్కెట్లు గుర్తుకొస్తాయి. స్టూడియో, నిర్మాత లేకుండా పొలం గట్ల మీద తయారయ్యే సినిమాలు కూడా ఉన్నాయి. సైన్సు చదువుతున్న రైతుబిడ్డగా నేను వాటిని గురించి రాయడానికి కారణముంది.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో (అప్పటి మెదక్, నేటి సంగారెడ్డి జిల్లా) డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు కొందరు వీడియో తీయడం నేర్చుకున్నారు. కూలి, వ్యవసాయం చేసుకునేవాళ్లు. 2001లో వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఏర్పడింది. కెమెరా కోణాలకు వాళ్లు పెట్టుకున్న పేర్లు చూడండి. పైనుంచి కిందికి చూస్తే పటేల్ షాట్. కిందనుంచి పైకి చూస్తే బానిస షాట్. ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెడితే సంఘం షాట్. వాళ్లు కోరేది మూడోదే.

ఇక పత్తి సంగతి. 2002లో మన దేశంలో బీటీ పత్తి సాగుకు అనుమతి వచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో చేరిస్తే, మొక్కలోనే ఒక ప్రొటీన్ తయారై కాయతొలుచు పురుగును చంపుతుంది. రసం పీల్చే పురుగుల మీద పనిచేయదు. ఇంతవరకు క్లాసులో చెప్తారు. విత్తనం ధరెంత, మందుల ఖర్చెంత, వాన మొహం చాటేసిన ఏడు చేతికేం మిగిలింది అన్నది పత్తి వేసే మా నాన్ననడిగితే తెలుస్తుంది. ఆ మహిళలు అదే పని చేశారు. వరంగల్ జిల్లా రైతుల చేలకు మళ్లీ మళ్లీ వెళ్లి, లెక్కలు వాళ్ల నోటే చెప్పించి, 2003లో చిత్రం తీశారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకు అన్నదే దాని పేరు.

ఒక్క సినిమాతో శాస్త్రం తేలిపోతుందా అని అడగవచ్చు. తేలదు. ఆ తర్వాత దేశంలో పత్తి చాలా భాగం బీటీయే అయింది. గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకోవడమూ నేర్చింది. అయితే చేలో రైతు చూసింది కూడా పరిశీలనే. దాన్ని లెక్కలోకి తీసుకోని పరిశోధన సగమే.

1995లో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. 2008లో ఆ సంఘాల మహిళలే మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలుపెట్టారు.

మన సంగతేమిటి? ప్రాజెక్టుల కోసం పల్లెలకు పోతాం, ప్రశ్నలడుగుతాం, మార్కులు తెచ్చుకుంటాం. చెప్పినవాళ్లకు ఆ రిపోర్టు చూపించేదెవరు? యూనియన్‌కు నా మనవి రెండే. ఈ ఏడు ఇలాంటి చిత్రమొకటి మన హాల్లో వేసి, చుట్టుపక్కల రైతుల్ని, కూలీల్ని పిలుద్దాం. ప్రతి ప్రాజెక్టునూ తెలుగులో రెండు పేజీలు రాసి, ఆ ఊళ్లోనే చదివి వినిపిద్దాం. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు.