ఈ వేసవికి నర్సరీ పనికి పంపండి

మార్చి వచ్చిందంటే రాయదుర్గంలో ఎటు చూసినా సమ్మర్ కోడింగ్ క్యాంపుల ఫ్లెక్సీలే. బీఎస్సీ బోటనీ చదివే అమ్మాయినీ పైథాన్ నేర్చుకోమని అక్కడికే తోస్తున్నారు. అటవీ అభివృద్ధి సంస్థ నడిపే కొత్తగూడ బొటానికల్ గార్డెన్ ఇక్కడికి దగ్గరే. పొద్దున్నే అక్కడ వాకింగ్ చేసే తల్లిదండ్రులే, పిల్లలు చెట్ల మధ్య పనిచేస్తామంటే "మట్టి పిసకడానికా ఇంత చదివించింది?" అంటారు. అటవీ రంగంలోకి వెళ్లే పిల్లలు ముందు నేర్వాల్సింది ఆ మట్టి పనే.

పద్దెనిమిది నిండితే ఏప్రిల్, మే నెలల్లో మొయినాబాద్, చేవెళ్ల వైపు ఏదైనా నర్సరీలో కూలికి కుదర్చండి. కడియంలో చుట్టాలుంటే మరీ మంచిది. ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి సంచులు నింపుతారు. టేకు గింజల పెంకు గట్టిది కాబట్టి రోజుల తరబడి నానబెట్టి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. వేళ్లు సంచి దాటి నేలలోకి దిగకుండా మొక్కల చోటు మారుస్తుంటారు. ఏ మొక్క ఎందుకు ఎండిందో పక్కనున్న కూలీనే అడిగి తెలుసుకుంటారు. అనుభవమున్న మనిషి దగ్గర అణకువగా పని నేర్చుకోవడం ఏ క్యాంపులోనూ దొరకదు.

అడవిలో మంటలార్పే పనికి మాత్రం పంపొద్దు. నల్లమలలో ఎండాకాలం మంటల దగ్గర ఉండాల్సింది శిక్షణ పొందిన సిబ్బందే.

"ఫారెస్ట్ ఇంటర్న్‌షిప్" అంటూ వేలు కట్టించుకుని, ఒక రోజు తిప్పి, సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. మీ దగ్గరే డబ్బు తీసుకునేది ఉద్యోగం ఎలా అవుతుంది? ఇంటర్ నుంచే అటవీ సర్వీసు (ఐఎఫ్‌ఎస్) కోచింగ్ అనేది ఇంకా పెద్ద ఉచ్చు. ఆ పరీక్షకు అర్హత డిగ్రీ, ప్రిలిమ్స్ సివిల్స్‌తో ఉమ్మడిగానే జరుగుతుంది. పదహారేళ్ల పిల్లాడి నెత్తిన లక్షల ఫీజూ, మీ కలా కలిపి పెట్టడం అన్యాయం. బీట్ ఆఫీసరైనా, ఐఎఫ్‌ఎస్ అధికారైనా మగవాళ్లు నాలుగు గంటల్లో 25 కిలోమీటర్లు నడిచి చూపాలి. ఏసీ గదిలో కూర్చోబెట్టి పెంచిన కాళ్లకు అది ఎలా వస్తుంది?

ఈ రంగంపై నిజంగా మనసున్న పిల్లలకు నేను ముందు చెప్పేది సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల. అక్కడ నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీ ఉంది. బైపీసీ చదివి ఎప్‌సెట్ రాయాలి.

నర్సరీలో చేర్చేముందు మీరే వెళ్లి కూలెంతో, పనివేళలేమిటో, నీడా తాగునీరూ ఉన్నాయో లేదో చూసి రండి. ఆ తర్వాత నెల రోజులు గంటగంటకూ ఫోన్ చేయకండి.