కొలిచే చూపు: పుష్పమాల ఎన్. ఫొటోలు

తెలుగులో 'కొలవడం' అనే మాటకి రెండర్థాలున్నాయి. దేవుణ్ణీ కొలుస్తాం, జాకెట్టు గుడ్డనీ కొలుస్తాం. బెంగళూరు కళాకారిణి పుష్పమాల ఎన్. ఫొటోల దగ్గరికి ఈ ఒక్క మాట పట్టుకుని వెళ్ళొచ్చు.

ఆమె 1956లో పుట్టారు. బరోడాలో శిల్పం చదివి, చాలాకాలం శిల్పాలే చేశారు. 1990ల మధ్యలో ఫొటోల వైపు వచ్చారు. వచ్చింది కెమెరా వెనక్కి కాదు, ముందుకి. 'ఫాంటమ్ లేడీ' (1996–98) అనే నలుపు తెలుపు వరుసలో, పాత స్టంటు సినిమాల నాడియాని తలపిస్తూ ముసుగేసుకుని బొంబాయిలో తిరిగే నాయిక ఆమే. మరి బటన్ నొక్కింది ఇంకొకరైతే ఫొటో ఈమెది ఎలా అవుతుందని అడగొచ్చు. కథ అనుకుని, వేషం కట్టి, తెర వేయించిన మనిషిది కాకపోతే ఇంకెవరిది?

ఆమెకి బాగా పేరు తెచ్చిన పని 'దక్షిణ భారత స్థానిక స్త్రీలు: రీతులు, ఆచారాలు'. ఫొటోగ్రాఫర్ క్లేర్ ఆర్నితో కలిసి 2000 నుంచి 2004 దాకా చేశారు. మనం ఎక్కడో చూసేసిన బొమ్మలనే మళ్ళీ కట్టి, అందులో తను నిలబడ్డారు. రవివర్మ లక్ష్మి, వేళాంగణ్ణి మాత, బీజాపూర్ చిత్రంలోని యోగిని, కొరడా పట్టిన సినిమా నాయిక, పేపర్లో పడ్డ గొలుసు దొంగలు, అందరూ ఒకే వరుసలో! రవివర్మ ప్రెస్సు 1894లో మొదలైంది. అక్కడ అచ్చైన లక్ష్మి రూపమే కేలెండర్లుగా మారి మన తిరుత్తణి, తిరువళ్ళూరు ఇళ్ళలో గోడలెక్కింది. ఆ తామరపువ్వు మీద మామూలు ఆడమనిషి కనిపించేసరికి మొదట నవ్వొస్తుంది. తర్వాత కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

అసలు దెబ్బ ఆ తర్వాతి వరుసలో ఉంది. ఆ పాత్రలనే గళ్ళ తెర ముందు నిలబెట్టి, పాత గోధుమరంగు ఫొటోల్లాగా తీశారు. ఆ గళ్ళు ఊరికే వేసినవి కావు. 1869లో లాంప్రే అనే ఇంగ్లీషాయన మనుషుల ఒళ్ళు కొలవడానికి చట్రానికి దారాలు కట్టి, రెండంగుళాల గళ్ళు చేసే పద్ధతి చెప్పాడు. ఇదంతా మనకి దూరం అనుకోవద్దు. మద్రాసు ఎగ్మూరు మ్యూజియం అధికారి థర్‌స్టన్ కూడా జనాల ముక్కులు, తలలు కొలిచినవాడే. రంగాచారితో కలిసి ఆయన తెచ్చిన ఏడు సంపుటాల కులాల పుస్తకం (1909) చూస్తే, బొమ్మ కింద సాధారణంగా కులం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. నిన్న కొలిచిన దేవతని ఇవాళ టేపుతో కొలిస్తే ఎలా ఉంటుందో పుష్పమాల చూపించారు. రెండిట్లోనూ ఆమె చెప్పినట్టు నిలబడాల్సిందే, మాట్లాడకూడదు.

మనకిది బాగా తెలిసిన సంగతే. పెళ్ళిచూపులకి ముందు పంపే ఫొటో గుర్తు చేసుకోండి: నిలువెత్తు ఒకటి, ముఖం ఒకటి, కింద ఎత్తు, రంగు, వయసు.

ఇది వెక్కిరింత కదా అని కొట్టిపారేసేవాళ్ళు జరుక్‌శాస్త్రి పేరడీలు చదవాలి. మూలం నోటికి రానివాడు పేరడీ రాయలేడు. పుష్పమాల కూడా నగ, మడత, వెలుగు పడే వైపు అన్నీ మూలం చూసే పెట్టారు. పైగా తెర, సెట్టు, మేకప్పు కనిపించే తయారీ ఫొటోలని కూడా ప్రదర్శనలో ఒక భాగం చేశారు. నాకైతే అవే ఎక్కువ నచ్చాయి.

తెలుగు చదివేవాళ్ళం కాబట్టి ఇంకొక్కటి. 2012లో ఆమె 'ఆవేగ' పేరుతో రామాయణంలోని కైకేయి, శూర్పణఖ, సీతల మీద ఫొటోలు చేశారు. దాదాపు అదే కాలంలో ఓల్గా 'విముక్త' కథలు వచ్చాయి. అందులో 'సమాగమం' కథలో సీత, శూర్పణఖ కూర్చుని మాట్లాడుకుంటారు. ఫొటోలో ఆ ఇద్దరి వేషాలూ ఒకే ఆమె వేసింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, సెమినార్‌కి మంచి విషయం.