లేక్ కేబిన్‌కి వెళ్తున్నారా? ముందే చూసుకోవాల్సిన సంగతులు

జూన్ వచ్చిందంటే మిన్నెసోటాలో మన తెలుగు కుటుంబాలు చాలావరకు ఉత్తరం దారి పడతాయి. 10 ఎకరాలు, అంతకు పైబడిన సరస్సులే 11,842 ఉన్న రాష్ట్రం ఇది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండేదీ ఈ వేసవిలోనే. రెండు మూడు కుటుంబాలు కలిసి లేక్ ఒడ్డున ఓ పాత చెక్క కేబిన్ అద్దెకు తీసుకుంటాయి. హోటల్లో ఉన్నట్టు ఉందామంటే అక్కడ కుదరదు. ఆ ఇంటికి నీళ్లు సొంత బోరు నుంచి వస్తాయి, వాడిన నీళ్లు పెరట్లోనే ఇంకుతాయి, పెరడు దిగితే సరస్సే. మనం సింకులో పోసిందీ ఒడ్డున వదిలిందీ దూరం పోదు. ఈ సంగతి మనసులో పెట్టుకుని కింది చిట్కాలు చదవండి.

1. బుక్ చేసేటప్పుడు ఫోటోలు చూసి ఊరుకోకుండా ఓనర్‌కి ఫోన్ చేయండి. పొయ్యి గ్యాసుదా, కరెంటు కాయిల్‌దా? పెద్దవాళ్లు మెట్లెక్కకుండా వెళ్లేలా బాత్రూం ఉందా? బోరు నీళ్లు ఈమధ్య పరీక్ష చేయించారా? పాలపొడి తాగే పసిబిడ్డ ఉంటే ఈ మూడో ప్రశ్న తప్పకుండా అడగాలి. పొలాల దగ్గరి బోరు నీళ్లలో నైట్రేట్ ఉండొచ్చు. నైట్రోజన్ లెక్కన లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఆర్నెల్ల లోపు పిల్లలకు ప్రమాదం. కాచితే పోదు సరికదా, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా పెరుగుతుంది. అనుమానంగా ఉంటే పాలు కలపడానికి సీసా నీళ్లు పట్టుకెళ్లండి.

2. సింకులో నూనె పోయకండి. అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇదే. పెరట్లో పాతిన సెప్టిక్ ట్యాంకులో మడ్డి అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలుతుంది, మధ్యలో తేరిన నీళ్లు చిల్లుల గొట్టాల్లోంచి నేలలోకి ఇంకుతాయి. ఆ గొట్టాల్లోకి జిడ్డు చేరిందా, నేల నీళ్లు పీల్చడం మానేస్తుంది. మురుగు బాత్రూంలోకి వెనక్కి తన్నుతుంది, లేదంటే పైకి ఉబికి వానకు సరస్సులోకి జారుతుంది. మన వంటలో నూనె ఎక్కువ కాబట్టి మనకే జాగ్రత్త ఎక్కువ కావాలి. మూకుడు, పెనం, ఆవకాయ కలిపిన కంచాలు పేపర్ టవల్‌తో శుభ్రంగా తుడిచి, ఆ పేపరు చెత్తబుట్టలో వేశాకే నీళ్ల కింద పెట్టండి. మిగిలిన సాంబారు, పప్పు కూడా చెత్తలోకే. వెట్ వైప్స్ మీద ఫ్లష్ చేయొచ్చని రాసి ఉన్నా టాయిలెట్లో వేయకండి. స్నానాలు, బట్టలు, గిన్నెలు అన్నీ ఒకే పూట పెట్టుకోకుండా కొన్ని పొద్దున, కొన్ని సాయంత్రం చేసుకుంటే ట్యాంకుకు తేరుకునే వ్యవధి దొరుకుతుంది.

3. ఒక బకెట్, మగ్గు కార్లో వేసుకోండి. పాత కేబిన్లలో వేడినీళ్ల ట్యాంకు చిన్నది. షవర్ కింద ఇద్దరు నిలబడేసరికి మూడోవాళ్లకు చల్లనీళ్లే. బకెట్ స్నానమైతే అదే ట్యాంకుతో ఇల్లంతా కానిచ్చేస్తుంది, అమ్మానాన్నలకూ అలవాటైన పద్ధతి, సెప్టిక్ మీదా భారం తగ్గుతుంది.

4. పడమట మబ్బు పట్టి ఉరుములు వినిపిస్తే ముందు బకెట్లు, గిన్నెలు నింపి పెట్టుకోండి. కరెంటు పోతే బోరు మోటారు ఆగుతుంది, దాంతో కుళాయి, ఫ్లష్ రెండూ ఆగుతాయి. టాయిలెట్‌లోకి లేక్ నీళ్లు తెచ్చి పోసుకోవచ్చు. తాగడానికి మాత్రం ఎంత తేటగా కనిపించినా ఆ నీళ్లు నేరుగా పనికిరావు. జియార్డియా అనే పరాన్నజీవి కడుపును వారాల తరబడి పీడిస్తుంది. తప్పనిసరైతే కళపెళా మరిగాక ఇంకో నిమిషం మరగనివ్వండి.

5. తాలింపు బయట పెట్టుకోండి. చెక్క ఇల్లు, తక్కువ ఎత్తు పైకప్పు, పొగ బయటికి లాగని ఫ్యాన్. ఎండుమిరపకాయ వేగగానే స్మోక్ అలారం మోగుతుంది. అలారం బ్యాటరీ తీయడం అసలు వద్దు. ఎండిన చెక్క ఎంత తొందరగా అంటుకుంటుందో అందరికీ తెలిసిందే, ఫైరింజన్ వచ్చేది ఎన్నో మైళ్ల అవతలి నుంచి. కొన్ని కేబిన్లలో బయట గ్యాస్ గ్రిల్ పక్కన చిన్న బర్నర్ ఉంటుంది, తాలింపు గరిటె దాని మీద పెట్టుకుంటే సరి. అది లేకపోతే ఇంటి దగ్గరే పోపు వేయించి చిన్న సీసాలో తీసుకెళ్లండి. వాన పడుతోందని గ్రిల్‌ని వరండాలోకో లోపలికో లాక్కోకండి. దాంట్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దాన్ని పసిగట్టే, బ్యాటరీతో నడిచే చిన్న అలారం ఒకటి సొంతంగా తీసుకెళ్లడం మంచిది.

6. మొదటి పూటకు పులిహోర. దారిలోనూ తినొచ్చు, దిగగానే పొయ్యి వెతుక్కునే పనీ ఉండదు. ఇడ్లీ పిండి కేబిన్‌లో పులవాలంటే కష్టం, జూన్‌లో కూడా రాత్రి 10 డిగ్రీల సెల్సియస్‌కు దిగే రోజులుంటాయి. ఇంట్లోనే పులియబెట్టి, గిన్నెలో మూడో వంతు ఖాళీ వదిలి ఐస్ బాక్సులో పెట్టండి. కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి, ఓ పెరుగు డబ్బా ఉంటే మిగతా పూటలు ఎలాగో గడిచిపోతాయి. కాయిల్ పొయ్యి వేడెక్కడం ఆలస్యం, చల్లారడమూ ఆలస్యమే, కాబట్టి పాలు పొంగేలోపు గిన్నె పక్కకు తీయండి. వేడి తగ్గించి లాభం లేదు.

7. పసుపు మరక పడితే సబ్బుతో రుద్ది ఎండలో పెట్టండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది. ఓనర్ చెక్క పీట మీద, తెల్ల కౌంటర్ మీద పేపరు పరచుకుని కూరలు తరిగితే ఆ బాధే లేదు.

8. బియ్యం, పప్పులు, బిస్కెట్లు మూత బిగుసుకునే డబ్బాల్లోనే ఉంచండి, ఎలుకలుంటాయి. వాటి పెంటికలు కనిపిస్తే చీపురుతో ఊడ్చకండి. క్రిమినాశిని చల్లి తడిపి, గ్లౌజులతో తుడిచి తీయండి. దుమ్ముగా లేస్తే ఊపిరితిత్తుల జబ్బు రావచ్చు. ఉత్తర మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్లూ తిరుగుతాయి. చెత్త సంచీ, ఐస్ బాక్సు, పిల్లలు తిని పడేసిన మొక్కజొన్న కంకులు రాత్రి బయట ఉంచకూడదు. గ్రిల్ జిడ్డు కూడా గీకి శుభ్రం చేయాలి.

9. నెగడుకి కట్టెలు అక్కడే కొనండి. ఇంటి దగ్గర మిగిలినవి కార్లో వేసుకు వెళ్లకండి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చని పురుగు యాష్ చెట్ల బెరడు కింద తొలిచి చెట్టునే చంపేస్తుంది. 2002లో మిచిగన్‌లో డెట్రాయిట్ దగ్గర బయటపడింది, 2009కి మిన్నెసోటా చేరింది. దానంతటది ఎగిరే దూరం కొంతే, మనుషులు మోసుకెళ్లే కట్టెల్లో కూర్చుని వందల మైళ్లు పోతుంది. పడుకోబోయే ముందు నెగడు మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. చెయ్యి దగ్గర పెడితే వేడి తగలకూడదు.

10. టిక్ కాట్లు. మన పశువులకు పట్టే పిడుదు జాతిదే ఇది. నల్లకాళ్ల రకం లైమ్ జబ్బు తెస్తుంది. పిల్ల టిక్ గసగసాలంత ఉంటుంది, నడిచినా తెలియదు, కుట్టినా తెలియదు. గడ్డిలోకి, అడవి బాటలోకి వెళ్లేటప్పుడు లేతరంగు ప్యాంటు వేసుకుని అంచులు సాక్సులోకి దోపండి. ఒంటికి డీట్ ఉన్న మందు, బట్టలకు పెర్మెత్రిన్. పెర్మెత్రిన్ ఒంటికి రాయకూడదు. తిరిగి రాగానే మోకాళ్ల వెనక, చంకల్లో, నడుం చుట్టూ, చెవుల వెనక, జడ పాయల మధ్య వేళ్లతో తడిమి చూడండి. పిల్లలకు మీరే చూడాలి. పట్టుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగేయండి. కిరోసిన్, నూనె, అగ్గిపుల్ల లాంటి ఇంటి వైద్యాలు వద్దు. 24 గంటల లోపు తీసేస్తే జబ్బు అంటుకుంటుందన్న భయం చాలా తగ్గుతుంది. తరవాతి వారాల్లో జ్వరం వచ్చినా, ఎర్రటి మచ్చ పెరుగుతున్నా డాక్టర్‌కు చూపించి టిక్ సంగతి చెప్పండి. వేసుకున్న బట్టలు డ్రయర్‌లో ఎక్కువ వేడి మీద 10 నిమిషాలు తిప్పితే టిక్‌లు చస్తాయి.

11. పిల్లలు నీళ్ల దగ్గర ఉన్నంతసేపూ పెద్దవాళ్లలో ఒకరి పని చూడటమే. ఫోన్ చేతిలో ఉండకూడదు, వంటకు లేవకూడదు. గంటకొకరు వంతు మార్చుకోండి. ఇంతమందిమి ఉన్నాం కదా, ఎవరో ఒకరు చూస్తుంటారులే అనుకునే చోటే ప్రమాదం జరుగుతుంది. మునిగేవాళ్లు సినిమాల్లోలాగా అరవరు, నిశ్శబ్దంగా మునిగిపోతారు. పడవ కదులుతుంటే 10 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకోవాలని ఈ రాష్ట్రంలో చట్టం. ఈత రాని తాతయ్య, అమ్మమ్మలకు చట్టం చెప్పకపోయినా వేయండి. చేతులకు తొడిగే గాలి బుడగలు లైఫ్ జాకెట్‌కు బదులు కావు. మే నెలలో ఎండ బాగా కాసినా నీళ్లు మంచుకరిగిన చలిలోనే ఉంటాయి. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగపీల్చి నీళ్లు మింగేస్తారు. ఆగస్టులో ఇంకో సంగతి: పచ్చ పెయింటు ఒలకబోసినట్టు నీళ్లమీద తెట్టె కనిపిస్తే అది విషపు నాచు కావచ్చు. పిల్లల్నీ కుక్కనీ దాని దగ్గరికి పోనివ్వకండి. మామూలు రోజుల్లోనూ నీళ్లలోంచి బయటికి రాగానే తువ్వాలుతో గట్టిగా తుడిస్తే నత్తల నుంచి వచ్చే దురద పట్టే అవకాశం తగ్గుతుంది.

12. సబ్బుతో లేక్‌లో స్నానం, గిన్నెలు తోమడం వద్దు. మట్టిలో కలిసిపోతుందని సీసా మీద రాసిన సబ్బయినా అంతే.

13. చేపలు పట్టాలంటే పెద్దవాళ్లకు లైసెన్స్ కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. సన్‌ఫిష్ చిన్నది, రుచి బావుంటుంది. వాలై ముక్కలు చింతపండు పులుసులో విరగకుండా ఉడుకుతాయి. వాలై, నార్తర్న్ పైక్ లాంటి వేటాడే చేపల్లో, అందులోనూ పెద్దవాటిలో, పాదరసం ఎక్కువ చేరుతుంది. గర్భిణులు, పిల్లలు ఎంత తినొచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ పట్టికలు ఇస్తుంది, చూసుకోండి. పొట్ట, పొలుసులు సంచిలో కట్టి ఫ్రీజర్‌లో పెట్టి, వెళ్లే రోజు చెత్తలో వేయండి. గాలానికి కట్టే సీసపు గుండ్లు కొనకండి. నీళ్లలో రాలిన సీసం గుండుని లూన్ పక్షులు గులకరాయి అనుకుని మింగి చనిపోతాయి. స్టీలు, తగరం గుండ్లు దొరుకుతాయి.

14. ఆ లూన్ గురించి పెద్దవాళ్లకు ముందే చెప్పి ఉంచండి. అర్ధరాత్రి నీళ్లమీంచి సాగదీసిన కూత వినబడితే తోడేలు అనుకుని హడలిపోతారు. 1961 నుంచి ఇది మిన్నెసోటా రాష్ట్ర పక్షి. నల్లని తల, ఎర్రని కళ్లు, వీపు మీద తెల్లని గళ్లు. జూన్ చివర్లో పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంటుంది. గూడు నీటి అంచునే కట్టుకుంటుంది కాబట్టి పడవతో దగ్గరికి వెళ్లకండి, అలకు గుడ్లు కొట్టుకుపోతాయి. రాత్రిళ్లు నీళ్లమీద చల్లగాలి శబ్దాన్ని కిందికి వంచి చాలా దూరం మోస్తుంది. పాటలు పెట్టుకున్నా మెల్లగా పెట్టుకోండి, అవతలి ఒడ్డువాళ్లకు మన మాటలు కూడా వినిపిస్తాయి.

15. అమ్మానాన్నలకు: స్వెటర్, సాక్సులు, టార్చి, ఒకరోజు ఎక్కువకు సరిపడేలా బీపీ, షుగర్ మాత్రలు. జూన్‌లో రాత్రి తొమ్మిదికి గానీ సూర్యుడు అస్తమించడు, తెల్లారేది ఐదు దాటిన కొద్దిసేపటికే. నిద్రపట్టడానికి కిటికీకి కట్టుకునేలా ఓ ముదురు దుప్పటి తీసుకెళ్లండి. డాక్ మీద చెక్క తడిస్తే జారుతుంది, చెప్పులు విడిచి నడిపించకండి.

16. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకుండా మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దారి మొదట్లో బోర్డు మీద ఫైర్ నంబర్ ఉంటుంది. దాన్నీ, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరమో కూడా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. 911కి ఫోన్ చేసినప్పుడు మీరున్న చోటు చెప్పడానికి ఆ ఫైర్ నంబరే ఆధారం. ఇంట్లో అందరూ, తాతయ్యతో సహా, ఆ కాగితం ఎక్కడుందో తెలుసుకోవాలి.

17. వెళ్లే రోజు పడవ, కయాక్, పిల్లల గాలి బొమ్మలు అన్నీ తుడిచి, నీళ్లు వంపి, ఆరబెట్టాకే కారెక్కించండి. జీబ్రా మసెల్ అనే గోరంత ఆల్చిప్ప ఓడల బ్యాలస్ట్ నీళ్లతో గ్రేట్ లేక్స్‌కు చేరి 1988లో బయటపడింది, అక్కడి నుంచి పడవల వెంట సరస్సు తరవాత సరస్సుకు పాకింది. పిల్లలు ఒడ్డున నడిస్తే పాదాలు కోసుకునేది దాని పెంకులకే. దాని పిల్లలు కంటికి కనపడనంత చిన్నవి, బకెట్ అడుగున మిగిలిన నీళ్లలోనూ బతుకుతాయి. పడవ లాక్కెళ్లేటప్పుడు నీళ్లు దిగే బిరడా తీసి ఉంచాలని చట్టమే ఉంది. మిగిలిన ఎర లేక్‌లో వదలకుండా చెత్తలో వేయండి. మన బకెట్, మగ్గు కూడా బోర్లించి ఆరనిచ్చి తీసుకురండి.