రుద్రమదేవికి అంబదేవుడు ఎందుకు ఎదురు తిరిగాడు?

ఈ నెల చరిత్ర పాఠం రాసే వంతు నాది. కాకతీయుల పాఠంలో అంబదేవుని పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. పరీక్షకు ఆ వాక్యం చాలు గాని నాకు చాలలేదు. ఎందుకు చాలలేదో చివర చెప్తాను.

ముందు సంగతి

ఓరుగల్లు రాజధానిగా గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు పాలించాడు. ఆయనకు కొడుకులు లేరు. అందుకని కూతురు రుద్రమకు రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమెను మగ పేరుతో రుద్రదేవ మహారాజు అని కూడా రాశారు. ఆడమనిషి గద్దె ఎక్కడం కొందరు సామంతులకు నచ్చలేదు. సామంతుడు అంటే పెద్ద రాజుకు లోబడి, తన ప్రాంతాన్ని తాను ఏలుకునే చిన్న రాజు.

గణపతిదేవుని దగ్గర గంగయసాహిణి అనే కాయస్థ వీరుడు ఉండేవాడు. సాహిణి అంటే గుర్రపు దళానికి పెద్ద. ఆ కాలంలో మంచి గుర్రాలు సముద్రం మీద దూరదేశాల నుంచి వచ్చేవి. చాలా ఖరీదు. గుర్రాలు ఎవరి చేతిలో ఉంటే బలం వాళ్లదే. గంగయసాహిణి సేవకు మెచ్చి గణపతిదేవుడు అతనికి నల్లగొండ దగ్గరి పానగల్లు మొదలు కడప వైపు వల్లూరు దాకా పెద్ద సీమ అప్పగించాడు. గంగయ తర్వాత అది అతని మేనల్లుళ్లకు వచ్చింది. ముందు జన్నిగదేవుడు, తర్వాత త్రిపురారిదేవుడు, ఆ తర్వాత 1272లో అంబదేవుడు ఏలారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మొదటి ఇద్దరూ రుద్రమదేవిని ఏలికగా ఒప్పుకున్నారు. మూడోవాడు ఒప్పుకోలేదు. ఆడమనిషి కింద ఉండలేకనే ఎదురు తిరిగాడని ఒక్కమాటతో తేల్చేస్తే, మరి ముందు ఇద్దరూ ఎట్ల ఉన్నారు? అందుకే ఇంకో కారణం కూడా ఉండాలని నాకు తోచింది.

తగవు ఎట్ల పెరిగింది

రుద్రమ పాలన మొదట్లో దక్షిణం నుంచి పాండ్యులు కాకతీయులను ఓడించారు. పడమటి నుంచి దేవగిరి యాదవ రాజు మహాదేవుడు ఓరుగల్లు మీదికి వచ్చాడు. రుద్రమ అతన్ని తరిమికొట్టింది. దక్షిణపు సరిహద్దు మాత్రం కాయస్థుల సీమలోనే ఉంది. అంటే అటు నుంచి వచ్చే శత్రువును ముందు ఎదుర్కోవాల్సింది వాళ్లే. సరిహద్దు కాసేవాడికి సైన్యం ఎక్కువ కావాలి. సైన్యం ఎక్కువైతే వాడు రాజుకు భయపడడు. రాజుకు ఎంత అవసరమో అంత ప్రమాదం.

అంబదేవుడు చుట్టుపక్కల చిన్న నాయకులను ఒక్కొక్కరినే ఓడించాడు. పాండ్యులతోనూ దేవగిరి వాళ్లతోనూ స్నేహం కలుపుకున్నాడని చరిత్రకారులు అంటారు. మార్కాపురం వైపు ఉన్న త్రిపురాంతకం గుడిలో 1290 నాటి అతని శాసనం ఉంది. అందులో ఆంధ్ర రాజులందరినీ గెలిచానని చెప్పుకున్నాడు. అంటే అప్పటికి తనకు పైన ఎవరూ లేరన్నమాట.

రాణి ఎట్ల చనిపోయింది

చాలాకాలం ఇది తెలియలేదు. నల్లగొండ జిల్లా నకిరేకల్ మండలం చందుపట్లలో ఒక రాతి శాసనం దొరికింది. దాని తేదీ 1289 నవంబరు 27. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యం కోసం గుడికి భూమి ఇస్తున్నానని అందులో ఉంది. వేయించినవాడు రాజు కాదు, మంత్రి కాదు. మల్లికార్జున నాయకుని దగ్గర పనిచేసిన పువ్వుల ముమ్మడి. రాణి, సేనాని ఇద్దరి మరణం ఒక్కచోటే చెప్పడం వల్ల, అంబదేవునితో యుద్ధంలోనే చనిపోయారని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. ఒక సేవకుడు రాయించకపోతే మనకు ఆ తేదీ కూడా లేదు.

తర్వాత రుద్రమ మనుమడు ప్రతాపరుద్రుడు రాజయ్యాడు. 1291లో త్రిపురాంతకం మీదికి సైన్యం పంపి అంబదేవుణ్ని దక్షిణానికి నెట్టాడు. కాయస్థుల పాలన పూర్తిగా ముగియడానికి మాత్రం దాదాపు 1309 దాకా పట్టింది. ఒక్క కుటుంబానికే అంత సీమ ఇవ్వకుండా, ఎక్కువమంది నాయకులకు భూములు పంచి, దానికి బదులు సైన్యం తెమ్మనే నాయంకర పద్ధతి బలపడింది. దెబ్బ తిన్నాక నేర్చుకున్న పాఠం అనుకుంటాను.

ఇంగ్లండులో కూడా

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులో మూడో హెన్రీ రాజు. సైమన్ డి మాంట్‌ఫర్ట్ అనే ప్రభువు ఆయనకు దగ్గరివాడు. 1238లో రాజు చెల్లెలినే పెళ్లి చేసుకున్నాడు. తర్వాత ఖర్చుల దగ్గర, రాజు ఎవరి మాట వినాలి అనే దగ్గర ఇద్దరికీ చెడింది. 1264లో లూయిస్ దగ్గర యుద్ధంలో బావ బావమరిదినే బందీ చేశాడు. 1265లో పట్నాల ప్రతినిధులను కూడా పిలిచి పార్లమెంటు జరిపాడు. అదే ఏడు ఆగస్టు 4న ఈవ్‌షామ్ దగ్గర రాజు కొడుకు సైన్యం చేతిలో చనిపోయాడు. అక్కడ గద్దె మీద ఉన్నది మగవాడే, అయినా తగవు వచ్చింది. కాబట్టి ఆడ, మగ అనేది ఒక సాకు కూడా కావచ్చు.

మన వైపు మాట

మన హాస్టల్లో చాలామంది మేడారం జాతరకు పోయినవాళ్లమే. కరువులో కప్పం కట్టలేదని కాకతీయ సైన్యం వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, పగిడిద్దరాజు, జంపన్న పోరాడారని మన పెద్దోళ్లు చెప్తారు. అది శాసనం మీద లేదు, మన నోటి మీద ఉంది. ఆ కథలో కాకతీయులే తప్పు చేసినోళ్లు. కాబట్టి రుద్రమ మంచిది, అంబదేవుడు చెడ్డవాడు అని పరీక్షలో రాసినట్టు నేను ఇక్కడ రాయను. అంబదేవుని వైపు నుంచి చూస్తే, మా మామ నెత్తురు పోసి కాచిన సీమ మాది కాదా అని అతనికి అనిపించి ఉంటుంది. రుద్రమ వైపు నుంచి చూస్తే, మా నాయన ఇస్తేనే కదా నీకు వచ్చింది అనిపించి ఉంటుంది. ఇచ్చినవాళ్లు మాదే అంటారు, పుచ్చుకున్నవాళ్లు మాదే అంటారు. తగవు అక్కడ పుట్టింది.

నాకు ఎందుకు చాలలేదు

మా ఇంట్లో సంతకం పెట్టడం వచ్చినోళ్లు లేరు. నన్ను మూడో తరగతిలో హాస్టల్లో వేస్తామంటే మా నాన్న వద్దన్నాడు. మా మేనమామే ఆయనతో కొట్లాడి, సైకిల్ వెనక ట్రంకుపెట్టె కట్టి, నన్ను ముందు కూర్చోబెట్టుకొని వాగు దాటించి తెచ్చి చేర్పించాడు. మొన్న దసరా సెలవుల్లో అదే మామ, "తొమ్మిది చాలు బిడ్డా, మా వాడికి నిన్ను చేసుకుంట" అన్నాడు. నేను చదువుకుంటానంటే, "చేర్పించింది నేను, ఆపేది కూడా నేనే" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. నేను అన్నం తినకుండా పడుకున్నాను.

ఈ పాఠం చదివేటప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. మామ చేసిన మేలు నిజం, నేను మరువను. కానీ మేలు చేసినందుకు మనిషి సొత్తు అయిపోదు. ఆడపిల్లకు 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చేయకూడదని చట్టం ఉందని టీచరు చెప్పింది. ఆ మాట మామకు చెప్పొచ్చు. కానీ ముందే చట్టం ఎత్తితే కత్తి తీసినట్టే ఉంటదేమో. రాణికి అంబదేవుడు ఎంత అవసరమో నాకు మామ అంత అవసరం. అందుకే సంక్రాంతి సెలవులు అయిపోయినాక నన్ను మళ్లీ సైకిల్ మీద హాస్టల్లో దింపమని మామనే అడుగుతాను. దారిలో పదో తరగతి మాట ఎత్తుతాను. వినకపోతే అప్పుడు చట్టం సంగతి చెప్తాను, మేడంకు కూడా చెప్తాను.

ప్రశ్నలు
1. గణపతిదేవుడు గంగయసాహిణికి అంత సీమ ఇవ్వకుండా ఉంటే దక్షిణపు సరిహద్దు ఎవరు కాసేవారు?
2. చందుపట్ల శాసనం వేయించింది ఎవరు? అది ఎందుకు ముఖ్యం?
3. మీకు మేలు చేసినవాళ్లతో మీకు ఎప్పుడైనా తగవు వచ్చిందా? ఏం చేశారు?

జవాబులు చీటీ మీద రాసి, పత్రిక కింద ఉన్న అట్ట జేబులో వేయండి. మూడో ప్రశ్నకు పేరు రాయకపోయినా పర్వాలేదు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని