ఊరి ఆసుపత్రిలో రోగి గుట్టు, రోగి మాట: సిబ్బంది చేయవలసినవి, చేయకూడనివి

అమృతలూరు లాంటి మండల కేంద్రంలో ఆసుపత్రికి వచ్చేవాళ్లలో చాలామంది సిబ్బందికి తెలిసినవాళ్లే. మోపర్రు నుంచి వచ్చినామె అటెండరుకు వదిన వరస కావచ్చు, గోవాడ కుర్రాడు నర్సుగారి అబ్బాయితో చదువుకున్నవాడు కావచ్చు. ఈ చనువు వైద్యానికి ఎంత మేలో, రోగి గుట్టుకు అంత ముప్పు. పొద్దున ల్యాబులో తేలిన సంగతి సాయంత్రానికి టీకొట్టుకు చేరితే ఆ మనిషి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కడు, మందులూ మానేస్తాడు. అందుకే ఈ జాగ్రత్తలను చేతుల శుభ్రతంత గట్టిగా నేర్పాలి.

చేయవలసినవి

రోగిని పేరు పెట్టి పిలవండి, జబ్బు పేరు మాత్రం పైకి అనకండి. క్షయ, గర్భస్రావం, మానసిక సమస్య లాంటివి తెర లాగి, గొంతు తగ్గించి మాట్లాడండి. వెంట వచ్చినవారిని, అత్తగారైనా సరే, మర్యాదగా కాసేపు బయట కూర్చోమనండి.

సంతకం అడిగే ముందు ఏం చేయబోతున్నారో, ఎందుకో, ముప్పేమిటో, వేరే దారి ఉందో లేదో చెప్పండి. ఆపైన "మీకేం అర్థమైందో ఒకసారి చెప్పండమ్మా" అని అడగండి. వేలిముద్ర వేసేవారికి సాక్షి ఎదుట చదివి వినిపించండి. ఈ పని ఎగ్గొడితే ఏమవుతుందో మన ఉమ్మడి గుంటూరు జిల్లాకే తెలుసు. పిడుగురాళ్ల పేద మహిళలకు డబ్బు ఆశ చూపి, సంగతి సరిగా చెప్పకుండా క్యాన్సర్ మందుల ప్రయోగాలకు వాడుకున్నారన్న ఆరోపణ 2011లో బయటికొచ్చింది. అంతకు రెండేళ్ల ముందు ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా ప్రయోగంలో హాస్టల్ పిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు చేశారు. కేంద్రం 2010లో దాన్ని ఆపించింది, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పడం అంత కష్టమా?

ఒక చికిత్సకు ఒప్పుకున్నంత మాత్రాన, ప్రాణం మీదికి వస్తే తప్ప, మరొకటి చేయకూడదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తిన్నవారు వస్తే ముందు వైద్యం, తర్వాతే పోలీసు కాగితాలు. ఇది 1989 నాటి తీర్పు.

చేయకూడనివి

హెచ్ఐవి ఉందని తేలినవారి కేస్ షీటు మీద అందరికీ కనబడేలా ఎర్ర సిరాతో రాయకండి, మంచం విడిగా వేయకండి. గ్లవ్స్ రోగులందరి దగ్గరా వేసుకోవాల్సినవే. చట్టం చెప్పిన కొద్ది సందర్భాల్లో తప్ప, వారి లిఖిత అనుమతి లేకుండా ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని 2017 చట్టం అంటోంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది.

ఫోను జేబులోనే ఉండనివ్వండి. పురుగుమందు తాగి వచ్చిన రైతును వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం కన్నా క్రూరమైన పని ఆసుపత్రిలో మరొకటి ఉందనుకోను. అతణ్ని "ఎందుకు చేశావు ఈ పని" అని నలుగురిలో నిలదీయకండి. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నాడనే 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం భావిస్తుంది. ముందు ప్రాణం నిలబెట్టండి, తేరుకున్నాక పక్కన కూర్చుని మాట్లాడండి.

కడుపులో ఉన్నది ఆడో మగో మాటతో కాదు కదా, సైగతో కూడా చెప్పకండి. అది 1994 చట్టం ప్రకారం నేరం.

కాన్పయ్యాక బిడ్డను చూపించడానికి డబ్బు అడగకండి. తెనాలిలోనో గుంటూరులోనో ఫలానా ల్యాబుకే వెళ్లమని పంపి కమీషన్ తీసుకోవడం వైద్యులకు 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే నిషేధం, మిగతా సిబ్బందికీ అది తగని పనే.

"మా కోడలికి ఏమైందమ్మా?" అని బంధువులు ఫోన్ చేస్తే, ఎంత దగ్గరివారైనా, "ఆవిడనే అడగండి పిన్నిగారూ" అని చెప్పి పెట్టేయండి.